డ్రైవర్ దొరకలేదు

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రోడ్డు.
యాసంగి వడ్లు కళ్లం నిండా ఆరుతున్న రోజులు.
మిల్లు ఆఫీసు అర్రలో కంప్యూటరు మీద
రేపాల నాగభూషణం సేటు పాత ధోతి కప్పి ఉంటది.
తీసి దులిపితే ఊక,
కీబోర్డు బోర్లించి తడితే తౌడు.

నిరుడు పిడుగు పడ్డనాడు
మూడు నెలల లెక్కలు బూడిదైనయి.
మల్ల పోవద్దని సేటు కోఠికి పోయి
పాతదే, బేరమాడి తెచ్చిండు
సబ్బుబిళ్లంత క్యాసెట్లు నాలుగు,
అవి మింగే డబ్బా ఒకటి,
దానికొక కార్డు, మూడు ఫ్లాపీలు.
కాగితం మాత్రం రాలే.

స్క్రూలు బిగించిన, వైరు గుచ్చిన,
వెంకన్నకు దండం పెట్టి స్విచ్చేసిన.
నల్లటి తెర మీద తెల్లటి మాట:
డ్రైవర్ దొరకలేదు.

పైకే చదివిన గావచ్చు.
లారీ కడుగుతున్న జానిమియా
తడిచేతులు లుంగీకి తుడుచుకుంట గుమ్మంల నిలబడ్డడు.
"యాడికి పోయిన సారూ?
పొద్దుగాల్నుంచి ఈడ్నే ఉన్న.
ఛాయ్‌కు గూడ పోలే."
హమాలీలు బస్తాలు దించుకుంటనే నవ్విన్రు.

చెప్పిన: నువ్వు కాదు భాయ్,
డబ్బాకు తొవ్వ చెప్పే రాత, దాని పేరూ డ్రైవరే.
"జీతమెంత దానికి?"
"జీతం లేదు."
"మరి దొరకదు," అన్నడు, పోయిండు.

మూడో ఫ్లాపీల దాక్కున్నదది.
కరకరమని నమిలింది, ఉమ్మింది, మల్ల నమిలింది,
ఆఖరికి మింగింది.
టేపు కదిలింది. సన్నటి కూత,
దూరంగా పంపుసెట్టు మొదలైనట్టు.
అంతలో కాంటా దగ్గర లారీ ఎక్కింది,
చీటీ ప్రింటరు టకటకమన్నది,
టేపు ఆగిపోయింది.

రెండు దినాలు గదే కథ.
చీటీ వస్తే టేపు ఆగుడు, టేపు తిరిగితే చీటీ ఆగుడు.
మూడోనాటి రాత్రి, కరెంటు వచ్చినంక, సమజైంది:
ఇద్దరికీ ఐదో నంబరు గంటే.
ఒక్క గంట కొడితే ఇద్దరు లేచుడు,
నన్నా నన్నా అని మొకాలు చూసుకునుడు.
మూడు కాంటాది. ఏడు బిల్లుల ప్రింటరుది.
పదకొండు ఖాళీగ ఉన్నది,
ఎవ్వరూ దిగని స్టేజీ లెక్క.

కార్డు మీది జంపరు నూకగింజంత.
నా వేళ్లకు అందలే.
హమాలీ సైదమ్మ మొలకున్న సంచిలోంచి
ముండ్లు తీసే చిమ్టా ఇచ్చింది.
పట్టిన, లాగిన, పదకొండు మీద కూసోబెట్టిన.

గప్పుడు నడిచింది టేపు.
ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు.
పక్కన చీటీ దాని మానాన అది.

సైదమ్మ తెర దిక్కు చూసి అడిగింది:
"నా బాకీ గూడ దాంట్ల పోతున్నదా?"
"పోదమ్మా. ఇంకోటి తయారైతది."
"అయ్యో! ఒక్క బాకీ రెండు జాగలనా?"
జర ఆగి,
"మరి ఉగాది ముంగట నేను కట్టిన నూటయాభై?"

గల్లాపెట్టె కింద, ఇనుప చువ్వకు గుచ్చిన చీటీలల్ల
వెతికితే ఉన్నది, సేటు చేతిరాతతోనే,
ఎక్కించని చీటీ.
ఒక్కటి కాదు. పదకొండు.
మల్లమ్మది, బుర్రి లింగయ్యది, జానిమియాది గూడ.

తెర మీద అరవైరెండు శాతం.
ఇంకో అరగంటల అయిపోయేది.
ఎస్కేప్ కొట్టిన.

ఒక్కొక్క చీటీ ఎక్కించుకుంట పోయిన.
సైదమ్మకు అంకెలు రావు,
అయినా వెనుక నిలబడి ప్రతి అంకె కొట్టేటప్పుడు
"పడ్డదా?" అన్నది.
"పడ్డది."
"పడ్డదా?"
"పడ్డదమ్మా."
మల్ల మొదటి నుంచి పెట్టిన టేపు.

ఎనిమిదికి సేటు వచ్చిండు స్కూటరు మీద.
"ఇంకా కాలే? ఏమైంది?"
సైదమ్మ బస్తా కుట్టుడుల తల వంచుకున్నది.
"డ్రైవర్ ప్రాబ్లమ్ సేట్," అన్న.

బయట చీకట్ల, లారీ కింద నుంచి
స్పానరు రాతి మీద పడ్డ చప్పుడు.
"మల్ల నా పేరేనా!"